సుతిలి ఉట్టి

డిసెంబరులో సరిహద్దు మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరాను. హెలికాప్టర్ కింది క్యాంపు వరకే. అక్కడి నుంచి ఐదు గంటల నడక, మోకాళ్ల లోతు మంచు. బోథ్ పత్తిచేలల్లో పెరిగినవాణ్ని. చలి అంటే మా ఆదిలాబాదోళ్లకు ఎవడు చెప్పాలి అనుకునేవాణ్ని. ఆ గర్వం మొదటి మలుపులోనే దిగిపోయింది.

బంకరు రాళ్లతో, ఇసుక సంచులతో కట్టింది. పైన రేకులు, మధ్యలో కిరోసిన్ పొయ్యి. నలుగురం. పోస్టు పెద్ద సుబేదార్ సాబ్, వంటవాడు, రేడియో ఆపరేటర్, నేను. ఆపరేటర్ మావైపువాడే, కరీంనగర్ దగ్గర నేతపని ఇంటివాడు. నాకంటే చిన్న. నా యాస వినగానే రేడియో సెట్టు పక్కన పెట్టేశాడు.

"ఏ ఊరన్నా మనది? నీ మాట ఇంటె సగం ఆకలి పోయింది."

రేషన్ సంచులు సుతిలితో, అంటే సన్నని జనపనార తాడుతో, కుట్టి వచ్చేవి. మేం కత్తితో పర్రున కోసేవాళ్లం. వాడు కోయనిచ్చేవాడు కాదు. కొస వెతికి, కుట్టు లాగి, తాడును ఉండ చుట్టేవాడు. ఆ తాడుతోనే గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్ట అల్లాడు. తడి సాక్సులకు దండెం కట్టాడు. కింద పెట్టిన గ్లాసులు నేలకు అతుక్కుపోతుంటే రేకు కింద ఉట్టి అల్లి అందులో పెట్టాడు. ప్రతి ముడికీ ఒక కొస మడిచి వదిలేవాడు. అది లాగితే ముడి మొత్తం ఊడి వస్తుంది.

"ఏం తమ్మీ, గా ఉట్టి మన నెత్తుల మీద పడ్తదా ఏంది?" అన్నాను.

"పడదే. కొస గుంజితెనే ఊడుతది. మా బాపు సాంచాల మీద బట్ట నేస్తడు. ముడేసేటోడు ఇప్పేటోన్ని యాది చేసుకోవాలె అంటడు."

జనవరిలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. గంటలో ఆకాశం, నేల ఒకటే తెలుపు. పైన మంచు పెళ్ల కదులుతోందని సుబేదార్ సాబ్ చప్పుడును బట్టి గమనించారు. కింది నుంచి రేషన్ మోసుకుని ఆరుగురు పైకి రావాల్సి ఉంది. వాళ్లను ఆపాలి. సెట్టు పలకలేదు. యాంటెన్నా తీగ తెగింది. దాని స్తంభం బంకరుకు నలభై గజాలు, మధ్యలో రాళ్ల వాలు, పక్కన లోయ.

"రస్సీ?" అన్నారు సాబ్.

మంచులో నడుముకు కట్టుకునే గట్టి తాడు ముందురోజు మా పోస్టు మీదుగా కిందికి దిగిన గస్తీవాళ్లతో పోయింది. ఆపరేటర్ తన సుతిలి ఉండ తీశాడు. మూడు పేటలు కలిపి నడుముకు కట్టుకుని రెండో కొస నా చేతికిచ్చాడు.

"ఒకసారి గుంజితె చేరిన్నని. రెండుసార్లు గుంజితె వస్తున్నని. నువ్వు మాత్రం గుంజకన్నా."

వెళ్లాడు. తాడు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. తర్వాత ఒక గుంజుడు. చేరాడు. కాసేపటికి సెట్టు గరగరమంది. సాబ్ మైకు అందుకున్నారు.

"మనుషులను కిందే ఆపండి. ఓవర్."

"ఆపాం. ఓవర్."

మేం ఊపిరి పీల్చుకున్నాం. రెండు గుంజుళ్ల కోసం చూశాను. రాలేదు. తాడు వదులైంది. మెల్లగా చుట్టుకుంటూ వచ్చాను. చివరికి నా చేతిలోకి పీచు లేచిన కొస వచ్చింది. రాతి అంచుకు కోసుకుపోయింది.

చేతిలో ఉన్న తాడు సగం దూరానికి కూడా చాలదు. నేను తల ఎత్తాను. ఉట్టి కనిపించింది.

గ్లాసులు దించలేదు, కొస లాగాను. అవి కింద పడి దొర్లాయి. ఉట్టి నీళ్లు జారినట్టు ఊడింది. పట్ట, దండెం, అన్నీ వంటవాడు లాగేశాడు. వేళ్లు కొయ్యబారిపోయినా ఒక్క ముడీ మొండికేయలేదు. పేటలు కలిపి, అతుకులకు మాత్రం నేను గుంజినా ఊడని ఎడ్ల పలుపు ముడులు వేశాను. నా నడుముకు కట్టుకున్నాను. సాబ్ రెండో కొస పట్టుకున్నారు.

బయట నా చెయ్యి నాకు కనపడలేదు. పాకుతూ పోయాను. భయమేసింది, చాలా. నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. అప్పుడు ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినిపించింది. వాడు స్తంభాన్ని కావలించుకుని కూర్చుని పట్టకారుతో కొడుతున్నాడు. తీగ ముడేయడానికి గ్లవుజులు తీసేశాడు. గాలి వాటిని ఎత్తుకుపోయింది.

"తాడు తెగిందన్నా. కదిలితె దొరకనని కూసున్న."

వాడిని నాకు కట్టుకుని వెనక్కి పాకాను. లోపలికి రాగానే వాడు పైకి చూశాడు.

"ఉట్టేదన్నా?"

"నిన్ను తెచ్చింది అదేరా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మర్నాడు ఆకాశం తేటపడింది. వాణ్ని కిందికి దించారు. ఆసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్లు కణుపు దాకా తీసేశారని రేడియోలో తెలిసింది. కిందే ఆగిన ఆరుగురూ వారం తర్వాత రేషనుతో వచ్చారు. ఆ సంచులను ఎవరూ కత్తితో కోయలేదు.

మార్చిలో దిగాను. ఇప్పుడు పట్టాళం వదిలి మావైపే ఇచ్చోడలో ఉంటున్నాను. బియ్యం సంచికి మా ఇంటామె కత్తి పెడితే ఆపుతాను. "మిల్ట్రీల పిసినారితనం నేర్పిండ్రు నీకు," అంటుంది. నవ్వి, కొస వెతుకుతాను.

వెతికినప్పుడల్లా వాణ్ని కిందికి దించిన ఆ పొద్దు కళ్ల ముందుకొస్తుంది. వాణ్ని తీసుకుపోయేవాళ్లు ఇంకా రాలేదు. రెండు చేతులకూ కట్లు. పొయ్యి పక్కన కూర్చుని, తడి సుతిలిని మోకాళ్ల మధ్య బిగించి, పళ్లతో లాగి మా గ్లాసులకు మళ్లీ ఉట్టి కడుతున్నాడు. ప్రతి ముడికీ ఒక కొస వదిలేస్తున్నాడు.