రాసింది బిందు, పేరు సారుది

జీవానందం గారికి పేరు పిచ్చి. గొడుగు మీద, క్యారియరు మూత మీద, చివరికి సుద్దముక్కల డబ్బా మీద కూడా ‘ఎం. జీవానందం, ఎం.ఏ.’ అని రాసుకునే లెక్చరరు ఆయన.

“డబ్బాకి ఎం.ఏ. ఎందుకు సార్?” అని బిందు అడిగితే, “దొంగలకి చదువంటే భయమమ్మా” అన్నారు.

కాలేజీ పిల్లలు ఊరి కష్టాల మీద బ్లాగు పెట్టేదాకా ఇదంతా నవ్వులాటే. ఆ తర్వాత ఎవరేం రాసినా, సార్ దిద్ది ఎక్కించేసరికి కింద ఆయన పేరే ఉండేది. మురుక్కాలవ మీద ప్రత్యూష రాసిందీ అంతే, బస్సు రాని ఊళ్ల మీద నరేంద్రబాబు రాసిందీ అంతే.

బిందు వాళ్ల పేట పులికాటు సరస్సు ఒడ్డున ఉంది. కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు. అవి తాగి పక్కింటి పసివాడు ఆసుపత్రి పాలైతే, ముసురులో మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి రాసింది. అదీ సార్ పేరుతోనే ఎక్కింది.

“రాసింది నేను సార్!”

“తెలుసులేమ్మా. కింద నా పేరు ఎంత బాగా కుదిరిందో చూడు.”

సొమ్మొకడిది, సోకొకడిది అని పళ్లు నూరుకుంది బిందు.

వారం తిరక్కముందే పంచాయతీ పెద్దమనిషి ఒకాయన తరగతిలోకే వచ్చేశాడు. “నీళ్ల సంగతి రాసిందెవురు? పేటలో పిల్లే అయ్యుంటది. ఎవురా పిల్ల?”

బిందు వాళ్లమ్మ చెంచమ్మ ఊడ్చేది ఆ పంచాయతీలోనే. టెంపరరీ పని, నోటిమాటతో తీసేస్తారు. అయినా అబద్ధమాడలేక బిందు లేచి నిలబడింది.

“కూర్చో. నువ్వు రాస్తే అంత బాగుంటుందా?” అని కసిరి, జీవానందం గారు ఆయన వైపు తిరిగారు. “కింద పేరుంది కదయ్యా, ఎం.ఏ.తో సహా! చదవలేదా?”

ఇలాంటి సారునా ఇన్నాళ్లు తిట్టుకున్నానని బిందు సిగ్గుతో చచ్చిపోయింది.

నెల తిరిగేసరికి పేటకు మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. సారుకి మన్యంలోకి బదిలీ వచ్చింది. రైలు దిగాక రెండు బస్సులు మారాలట. సూళ్లూరుపేట స్టేషన్లో వానకి తడుస్తూ బిందు ఏడుస్తోంది.

“ఏడుపెందుకు? రేపటిది రాసినావా?”

“రాసినా సార్.”

“కింద నా పేరే పెట్టు. మీ అమ్మ పని పర్మనెంటు అయిందాకా అంతే.”

“మిమ్మల్ని మళ్లీ బదిలీ చేస్తారు సార్!”

“భయపడబాక. అంతకంటే దూరం పంపాలంటే వాళ్లకాడ ఊళ్లు లేవు.”