మూత తెరిచిన ల్యాప్‌టాప్

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మా ఇద్దరికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. చెత్త ఊడ్చడమంటే నాకు పిచ్చి ఆనందం. అందుకే ఆ రోజు డిస్క్ నిండిందని తెలియగానే చేతులు దురదపెట్టాయి. నా రూమ్మేట్ ముఖం మాత్రం పాలిపోయింది. మధ్యాహ్నం పంజాగుట్టలో తనకు ఇంటర్వ్యూ. సిరిసిల్లలో వాళ్ల నాన్న నడిపే టైలర్ షాపు కోసం తను రాసిన యాప్‌ను అక్కడ నడిపి చూపించాలి. చోటు లేక అది తెరుచుకోవడమే లేదు.

చోటంతా కంటైనర్లు తినేశాయి. ఒక ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ కలిపి కట్టిన మూటలే కంటైనర్లు. అమీర్‌పేట కంప్యూటర్ క్లాసుల్లో రోజుకొకటి కట్టించారు గానీ విప్పిందెవరు? నడవని మూటలన్నిటినీ ఒక్క దెబ్బకి తీసేసే కమాండ్ ఒకటి మా సర్ చెప్పారు. హుషారుగా టైప్ చేశాను. ఎంటర్ నొక్కడమే మిగిలింది.

"జర ఆగు," అని తను నా చెయ్యి పట్టుకుంది. "నా యాప్ మూట సుత నడుస్తలేదు గదా. అది గూడ పోతది."

చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాను. ల్యాప్‌టాప్ వేడెక్కుతుందని, పడుకునే ముందు అన్నీ ఆపేయడం మా అలవాటు. నాన్న పక్కన కూర్చుని తను ఎక్కించిన కొలతలన్నీ ఆ మూటలోనే ఉన్నాయి.

"మరిప్పుడేంటి చేసేది?"

"ఆంటీ డాబా సాఫ్ చేసేటప్పుడు మనమేం చేస్తం?"

మా హాస్టల్ ఆంటీ చీపురు తీసిందంటే, డాబా మీద ఎవరూ పట్టుకోని బకెట్టల్లా బయటికి పోవాల్సిందే. అందుకని ఎవరి బకెట్ వాళ్లు పట్టుకుని నిలబడతాం. విషయం అర్థమై ఎగిరి గంతేశాను. ముందు తన మూటను నడిపించాలి, ఆ తర్వాతే ఊడ్చాలి. నడవడానికి కాస్తయినా చోటు కావాలి కాబట్టి నా క్లాసు వీడియోలన్నీ చెరిపేశాను. ఎలాగూ నేను చూసేవి కావు. యాప్ లేచింది గానీ ఆ కాస్త చోటు ఇంటర్వ్యూ దాకా చాలదు. ఎంటర్ నొక్కాను. తెర మీద పేర్లు జలజలా రాలిపోయాయి, సగం డిస్క్ ఖాళీ. తనది మాత్రం నడుస్తూనే ఉంది. ఇద్దరం మంచమెక్కి గెంతాం.

మెట్రోలో తను ల్యాప్‌టాప్ మూయలేదు. రెండు చేతులతో తెరిచి పట్టుకునే నిలబడింది. అందరూ మమ్మల్నే చూశారు.

"ఊడ్చడం అయిపోయిందిగా, ఇక మూసినా నీ యాప్‌కేం కాదే," అన్నాను.

"నాకెర్కనే. అయినా ముయ్య."

ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఇంటర్వ్యూ నాకే అన్నట్టు కప్పు మీద కప్పు తాగాను. చాలాసేపటికి తను బయటికొచ్చింది. ల్యాప్‌టాప్ మూసి, చంకలో పెట్టుకుని ఉంది. రోడ్డు మీదే కావలించుకున్నాను.

"సోమవారం నుంచి రమ్మన్నరు," అంది నా భుజం మీద తల ఆనించి.