కోరుట్లలో చూసిన సముద్రం

మొన్న మా బిడ్డ నన్ను జగిత్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి పట్టుకుపోయింది. పట్టుకుపోయింది అనే రాయాలి, ఎందుకంటే నా అంతట నేను పోలేదు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు దొప్పలు తగిలించి, అద్దం అవతలి నుంచి ఒక అమ్మాయి ఒక్కో మాట చెబుతుంటే నేను తిరిగి చెప్పాలన్నారు. ఆమె 'గొడుగు' అంటే 'గొడుగు' అన్నాను. 'తాళంచెవి' అంటే 'తాళంచెవి'. ఒక్కటి తప్పితే ఒట్టు. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది, మా బిడ్డ ముఖం మాత్రం మాడిపోయింది. "మేడం, మా బాపు వింటలేడు. మీ మూతి చూసి చెప్తుండు. గా కాయితం అడ్డం పెట్టుకోని అడుగుండ్రి" అన్నది. కన్నబిడ్డే పట్టించింది. కాగితం అడ్డం పెట్టాక ఆ గదిలో నాకు వినిపించింది నా ఊపిరి ఒక్కటే.

ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడిది పోయే దారిలో ఉందనీ, చెవికి మిషను పెట్టుకోవాలనీ, బండి మీద దూరాలు పోవద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ చివరి మాట మా బిడ్డ అడిగి చెప్పించిందని నా అనుమానం. ఎందుకంటే నా పాత స్కూటరు మీద సిరిసిల్ల నుంచి సముద్రం దాకా పోతానని నేను అప్పటికే ఇంట్లో ప్రకటించి ఉన్నాను. "సముద్రమే చూడాల్నంటే రైలున్నది గద బాపూ" అన్నది. "రైల్ల పోతే సముద్రం చూసినట్టయితది గని, పోయినట్టు గాదు" అన్నాను. "నీకు ఎవ్వల పోలిక అచ్చిందో!" అని నెత్తి కొట్టుకున్నది. ఎవరి పోలికో నాకు బాగా తెలుసు. మా మేనత్త పోలిక.

మాది సాంచెల ఇల్లు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. ఇంటి వెనుక కార్ఖానాలో మా బాపు సాంచెలన్నీ ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట అందదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదవులు కదిలిస్తారు, అవతలివాడు చదువుకుంటాడు. తిట్లు, పెళ్లి సంబంధాలు, ఎన్నికల పందేలు అన్నీ గొంతు లేకుండానే నడిచేవి. బయటికొచ్చాక మాత్రం మాకు గొంతు తగ్గించడం తెలియదు. సాంచెలవాళ్లు గుసగుసలాడితే పక్క వీధి కుక్కలు లేచి కూర్చుంటాయి. ఇది అబద్ధం కాదు, కుక్కలు సాక్ష్యం.

మేనత్త అంటే బాపు చెల్లెలు. కార్ఖానా మూలన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పెళ్లయిన ఏడాదికే తన పెట్టె తానే నెత్తిన పెట్టుకుని అత్తగారింటి నుంచి తిరిగొచ్చిన మనిషి. ఎందుకొచ్చావంటే "గా ఊర్ల టాకీసు లేదు" అన్నదట. అసలు కారణం వేరే ఉండొచ్చు, ఎవరూ రెండోసారి అడగలేదు. ఆమెకు సినిమాలంటే ప్రాణం. అందులో సముద్రం కనిపిస్తే ఇక అన్నం అక్కర్లేదు. ఆ రోజుల్లో మా వాడకట్టులో ఆడవాళ్లు సినిమాకు పోవాలంటే వేములవాడ రాజన్న దర్శనానికని చెప్పి, మ్యాట్నీ చూసి, దారిలో లడ్డూ కొనుక్కుని వచ్చేవారు. మేనత్త మాత్రం గుమ్మంలో నిలబడి "అన్నా, సినిమాకు పోతున్న" అని చెప్పి మరీ పోయేది. బాపుకు కోపం సినిమా మీద కాదు, ఆ చెప్పడం మీద. "గుడికి పోతున్న అంటే నీ నోరు పడిపోతదా?" అనేవాడు. "చూసేది నేనైతే దేవుని మీదికి నూకుడెందుకు?" అనేది ఆమె.

తిరిగొచ్చాక అసలు సినిమా మొదలయ్యేది. చేతులు కండెలు చుడుతుంటే, పెదవులతో, కనుబొమ్మలతో మొత్తం కథ చెప్పేది. సాంచెల మీది మొగవాళ్లు ఒక కన్ను బట్ట మీద, ఒక కన్ను ఆమె మీద వేసేవారు. హీరోయిన్ ఏడ్చినచోట ఇక్కడ పోగులు తెగేవి. అట్లా ఒకసారి ఫైటింగు సీను ధాటికి ఒక బీము బట్ట, అంటే ఒక పడుగు చుట్ట మొత్తం, చెడింది. సరిగ్గా ఆ వారమే కోరుట్లలో ఓడ సినిమా పడింది. "పోతె పో. మల్ల గీ కార్ఖాన గడప తొక్కకు" అన్నాడు బాపు. ఉత్తమాట కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మూల, ఆ కండెలు తప్ప మేనత్తకు వేరే ఆధారం లేదు. ఆమె తల దువ్వుకుని, చీర మార్చుకుని, అప్పటికే రెండు సాంచెలు నడుపుతున్న నా వైపు తిరిగి "అల్లుడా, తోడొస్తవా?" అన్నది. నాదీ అదే జబ్బు, పోయాను.

వేములవాడ దాకా గుండ్లు కొట్టించుకోబోయే భక్తుల మధ్య నిలబడి, అక్కడి నుంచి బస్సు మారి కోరుట్ల చేరాం. రేకుల టాకీసు, లోపల బీడీ పొగ. తెర మీద ఓడ కనబడగానే మేనత్త నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. ఇంటర్వెల్ తర్వాత సౌండు పోయింది. జనం ఈలలు వేశారు, కుర్చీలు విరగ్గొట్టారు. సాంచెలవాళ్లం కదా, మా ఇద్దరికీ ఆ సంగతే తెలియలేదు. హాయిగా చూస్తున్నాం. ముందు వరుసలో ఒకాయన తిరిగి, "ఓ అత్తమ్మా, అట్ల నవ్వుతున్నవు, నీకేమన్న ఇనవడుతున్నదా?" అని అరిచాడు. "ఎందుకు ఇనవడది? గా దొంగల సర్దారు మీటరుకు కూలి తగ్గిస్త అంటుండు!" అన్నది మేనత్త, తన కార్ఖానా గొంతుతో. ఈలలు ఆగాయి. తర్వాత "ఇంకేమంటుండు?" అని నాలుగు మూలల నుంచీ అడిగారు.

చెప్పింది. సర్దారును జనం తిట్టారు, హీరోకు చప్పట్లు కొట్టారు. అది వేరే భాష నుంచి డబ్బింగ్ చేసిన సినిమా అనీ, ఆ మూతులు తెలుగు మూతులే కావనీ ఆమెకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎవరో పరాయి మనుషుల పెదవుల మీద మా మేనత్త సిరిసిల్లను చదివేసింది. "పిల్ల ఏమంటున్నదంటే, నువ్వు పోతె నేనెందుకుంట, నాకు కాళ్లు లెవ్వా, నేను గూడ ఓడెక్కుత అంటున్నది" అని చెబుతుండగా సౌండు వచ్చింది. తెర మీద పిల్ల ఒడ్డున నిలబడి, నీ కోసం ఇక్కడే ఎదురుచూస్తానని ఏడుస్తున్నది. ఓడ కదిలింది. మేనత్త లేచి "ఎక్కు బిడ్డా! నిలవడి ఏడుస్తవేంది?" అని కేకేసింది. "సౌండు బంద్ చెయ్యుండ్రి! అత్తమ్మ కథనే మంచిగున్నది!" అని జనం. ఆపరేటరు నిజంగానే బంద్ చేశాడని నేను ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్నాను, ఇప్పుడు మార్చలేను.

తిరుగు బస్సెక్కాం. వేములవాడ గుడి గోపురం కనబడ్డాక మేనత్త, "ఎందుకెక్కలేదల్లుడా గా పిల్ల? ఓడ ఖాళీగనే ఉండె గద" అన్నది.

ఇంటికొచ్చి నేరుగా కార్ఖానాలోకి నడిచి తన మూలన కూర్చున్నది. అవతలి కొసన బాపు పెదవులు "బయటికి నడువు" అన్నాయి. ఆమె కండె చేతిలోకి తీసుకుని, అట్లాగే పెదవులతో, "గిది మా నాయిన కార్ఖాన గూడ" అన్నది. అని, కథ మొదలుపెట్టింది. ఒక్కో సాంచె ఆగుతూ వచ్చింది. చివరికి అన్నీ ఆగాయి. సాంచెలు ఆగితే మా ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. బాపు ఆమె దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు గొంతెత్తితే అందరికీ వినబడుతుందని కాబోలు, పెదవులు మాత్రం కదిలించాడు: "పిల్ల ఓడెక్కిందా?" అక్కడున్న వాళ్లందరూ మూతి చదివేవాళ్లే, అందరూ మర్యాదగా నేల చూశారు. మేనత్త చేతిలోని కండె పక్కన పెట్టి, "ఎక్కింది" అన్నది. బాపు పోయి మొదటి సాంచె తానే ఆడించాడు. గడప మాట మళ్లీ ఎత్తలేదు. మా ఇంట్లో పుట్టిన అబద్ధాలన్నింటికీ ఆ 'ఎక్కింది' పెద్దక్క. నావన్నీ దాని తర్వాత పుట్టినవే.

సముద్రం ఎప్పుడన్నా చూశావా అని ఎవరడిగినా, పోయేదాకా "చూసిన, కోరుట్లల" అనే చెప్పింది మేనత్త. ఆ టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. మా సాంచెలు తుక్కు కింద పోయాయి. వాటి చప్పుడు మాత్రం నా చెవుల్లోనే ఉండిపోయి, వేరే చప్పుళ్లకు చోటు లేకుండా చేసింది.

ఈ పొద్దున స్కూటరు బయటికి తీశాను. నన్ను ఆపడానికే జగిత్యాల నుంచి దిగిన బిడ్డ గేటుకు అడ్డంగా నిలబడ్డది. ఇంజను చప్పుడులో ఆమె పెదవులు కదిలాయి: "ఎనుక లారీ హారన్ కొడితె ఎట్ల ఇంటవు?" ఆమె కూడా ఆ కార్ఖానాలో పెరిగిన పిల్లే. నేనూ పెదవులతోనే అన్నాను: "ఎనుక సీటు ఖాళీగనే ఉన్నది." చరచరా లోపలికి పోయింది. వాళ్ల అమ్మను పిలుచుకురావడానికే అనుకున్నాను. బిడ్డే తలకు రుమాలు కట్టుకుని, చేతిలో సంచితో వచ్చి వెనుక కూర్చుని, నా భుజం మీద ఒక దెబ్బ వేసింది. హారన్ వినబడితే కుడి భుజం, నేను ఆమె మాట వినకపోతే ఎడమ భుజం, ఇదీ ఒప్పందం. ఇది రాస్తున్నది దారిలో ఒక చాయ్ హోటలు బల్ల మీద. ఎడమ భుజం వాచింది.

కాలం ముందుగా నా చెవులు పట్టుకుపోయింది, దాంతో ఆగిపోతాననుకున్నట్టుంది. మా ఇంట్లో ఎవరమూ ఎవరి మాటా చెవులతో విన్నవాళ్లం కామని దానికి ఇంకా తెలిసినట్టు లేదు.