పసుపు కళ్లం మీద కెమెరా

మా ఇల్లు జక్రాన్‌పల్లి దిక్కు ఊరి చివర ఉంటుంది. ముందు వాకిలి, వాకిలి దాటితే కళ్లం, కళ్లం దాటితే గేటు. పసుపు తవ్వి ఉడకబెట్టాక ఆ కళ్లంలోనే ఎండబోస్తాం. సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పుతాం. పోయిన ఏడు ఒక పొద్దున పరదా తీసేసరికి కుప్ప ఒక పక్కన కుంగి ఉంది. తొమ్మిది నెలలు భూమిలో సాకిన పంటను ఎవరో డబ్బాలోంచి బియ్యం తీసుకున్నట్టు తీసుకుపోయారు. మా అత్తమ్మ కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

నిజామాబాద్‌లో సిమెంటు దుకాణం నడిపే మా బావ, అంటే మా ఆయనకు అన్న, విషయం తెలిసిన వారంలోపే కెమెరా కొన్నాడు. బిగించే మనిషిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. వైరు లాగే పని లేని రకం. కరెంటు ఇస్తే చాలు, ఇంట్లో ఉన్న వైఫై మీద నడుస్తుంది, ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చు. వాకిలి స్తంభానికి బిగించారు. అక్కడ్నుంచి కళ్లం, గేటుతోపాటు వాకిలి కూడా అరచేతిలో పెట్టినట్టు కనిపించింది.

"ఇగ నువ్వు నిమ్మలంగ పండుకో. నేను ఆడికెల్లి సూస్తుంట" అన్నాడు బావ.

సంతోషించాను. కోడి కోసి ఇద్దరికీ అన్నం పెట్టాను. బిగించే అతను వైఫై పాస్‌వర్డ్ అడిగితే అత్తమ్మ వంటింట్లోంచే చెప్పింది. మా ఇంట్లో అది అలవాటు. గడప తొక్కిన వాళ్లకు ముందు చెంబెడు నీళ్లు, తర్వాత వైఫై. పసుపు బేరానికి వచ్చినవాళ్లకు, పక్కింటివాళ్లకు, వరి కోత మిషను నడిపే అతనికి, అందరికీ అది తెలుసు. అడిగితే లేదనడం మా అత్తమ్మకు చేతకాదు. కెమెరాకు కూడా అదే పాస్‌వర్డ్ పెట్టేస్తే యాదిమరవకుండా ఉంటుందని అతను అంటే, అత్తాకోడళ్లం ఇద్దరం తలలూపాం. ఊరందరి దగ్గరా ఉన్న తాళంచెవితో ఇంటికి కొత్త తాళం వేయించుకున్నామని ఆ పూట ఇద్దరికీ తట్టలేదు.

దొంగ మళ్లీ రాలేదు. బావ ఫోన్లు మాత్రం రావడం మొదలైంది.

"గా ఎర్ర సీరె ఆమె ఎవలు?" "పొద్దటి సంది నలుగురు కూసున్నరు, ఏం ముచ్చట?" "అవ్వ ఎండల ఎందుకు కూసున్నది?"

అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్తమ్మ. మొదట్లో నవ్వుకుంటూ జవాబు చెప్పేదాన్ని. బావ చెడ్డవాడు కాదు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు ఫోన్ తెరిస్తే సొంత ఇల్లు కనబడుతుంది, అదొక ముచ్చట ఆయనకు. కానీ మా వాకిట్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు. కొంగు జారుతుంది, కాళ్లు చాపుకుంటారు, మొగుళ్ల మీద, అత్తల మీద మనసులో ఉన్నది కక్కేసుకుంటారు. పైన ఒక కన్ను ఉందని తెలిశాక ఒకరికి నడుం నొప్పి వచ్చింది, ఇంకొకరికి ఇంట్లోనే గాలి బాగా వస్తోందట. చివరికి వదిన ఒక్కతే మిగిలింది.

వదిన అంటే మా పక్కింటి ఆమె, వరుసకు వదిన. ఆమె మానకపోవడానికి కారణం ఉంది. ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల బోధన్‌లో చెరుకు లారీ నడిపే అబ్బాయిని మెచ్చి, కులం కాకపోయినా పెళ్లి చేసుకుంది. తండ్రి గడప తొక్కనివ్వలేదు. ఆయనను నేను అన్న అంటాను. ఆ పిల్ల నెలకో రెండు నెలలకో బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. తల్లి బీడీల చాట పట్టుకుని వచ్చేది. ఇద్దరూ మా వాకిట్లో కూర్చుని ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఈసారి పిల్లకు ఏడో నెల. ఆ మాట తల్లికి మా వాకిట్లోనే తెలిసింది, నా ఎదురుగానే.

బావ అది కూడా చూశాడు. కొన్నాళ్లకు నిజామాబాద్ మార్కెట్‌లో చాయ్ తాగుతూ అన్న కనిపిస్తే, నలుగురి ముందు మంచి మాట చెబుతున్నాననుకునే చెప్పాడు. "నీ బిడ్డ మొన్న మా వాకిట్ల కనవడ్డది. నిండు మనిషి గదా, మంచిగనే ఉన్నది."

ఆ సాయంత్రమే అన్న వదినకు మా ఇంటి దారి బంద్ చేశాడు. మర్నాడు వదిన గోడ అవతల నిలబడి చెప్పింది.

"గాయనకు ముందుగాలనే ఎరుక. బిడ్డ వచ్చే దినం నేను రెండు రొట్టెలు ఎక్కువ చేస్తుంటి. సూసి సూడనట్టు అటు మల్లెటోడు. ఇప్పుడు నలుగుట్ల పడ్డది. ఇగ ఆయన మాత్రం ఏం జేస్తడు?"

"ఇగ ఏడ కలుస్తరు వదినా?"

"తొలి కాన్పు తల్లిగారింట్ల అయితది అందరికి. నా బిడ్డను సూసుకునే జాగ గూడ లేకపాయె" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి దొంగ మీద కాదు. నా వాకిట్లో ఎవరు కూర్చోవాలో, అది ఎవరికి తెలియాలో నిజామాబాద్ సిమెంటు దుకాణంలో తేలుతోంది. కెమెరా పీకి పారేస్తే ఒక్క నిమిషం పని. కానీ కళ్లంలో ఇంకా పసుపు ఉంది, కుప్ప కుంగిన మాటా నిజమే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేం. కెమెరా ఉండాలి, అది నా చేతిలో ఉండాలి అని గట్టిగా అనుకున్నాను.

ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూశాను. ఒకటి అర్థం కాకపోతే ఇంకొకటి. స్టూలు ఎక్కి, కెమెరా కింద ఉన్న చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి నొక్కి పట్టాను. అది ఏదో తెలియని భాషలో గట్టిగా మాట్లాడింది.

"నిన్ను తిడుతున్నది, దిగు" అంది అత్తమ్మ.

"తిట్టనియ్యి. నాకు సమజ్ కాని తిట్టు నాకు తాకది."

అయినా లొంగలేదు. ఈ కెమెరా వేరే వాళ్ల ఖాతాలో ఉంది, వాళ్లే తీసేయాలి అని ఫోన్లో వచ్చింది. ఖాతా బావది. మా ఆయన "అన్న మనసు నొస్తది, ఊకో" అన్నాడు. ఊకుంటే ఎవరి మనసు నొస్తుందో ఆయన లెక్కలో లేదు. మర్నాడు పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కాను.

బావ భోజనానికి ఇంటికి వచ్చే వేళకు వెళ్లాను. తినడం అయ్యాక చెప్పాను.

"బావా, కెమెరా నీ ఫోన్‌లకెల్లి తీసెయ్యి. నా ఫోన్‌ల పెట్టుకుంట."

ఆయన ముఖం మారింది. "నేనేమన్న పరాయోన్నా?"

"పరాయోడివైతే అడుగుదునా? నీ తాన మొకం మీద చెప్పొచ్చనే వచ్చిన."

"మీ మంచికే గదా పెట్టిన. దొంగ వస్తే ఎవలు సూడాలె?"

"నేను సూస్త. దొంగ కళ్లం మీదికి వస్తడు బావా, వాకిట్ల కూసోని బీడీలు చెయ్యడు." ఆయన ఏదో అనబోతే ఆగలేదు. "సరే, గిట్ల జేద్దాం. మీ వాకిట్ల గూడ ఒకటి పెట్టి నా ఫోన్‌కు కలుపుండ్రి. అక్క ఎవలతోని మాట్లాడుతదో, నువ్వు ఎన్నిగొట్టంగ ఇల్లు చేరుతవో నేను ఆడికెల్లి సూసుకుంట."

అక్క, అంటే బావ భార్య, వంటింటి తలుపు దగ్గరే ఉంది. "పెట్టుండ్రి, మంచిగుంటది" అని లోపలికి పోయింది. ఆమె నవ్వు మాత్రం బయటికి వినబడింది. బావ కాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చుని, ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

తెరిచి చూస్తే ఆయన ఒక్కడే కాదు. మా వాకిలి దుకాణంలో పనిచేసే గుమస్తా ఫోన్లోనూ ఉంది, బిగించిన అతని ఫోన్లోనూ ఉంది. ఫోన్ చేసి అడిగితే, సర్వీసుకు పనికొస్తుందని ఉంచుకున్నానన్నాడు. ఆ సంగతి బావకు కూడా తెలియదు. తెలిశాక తల దించుకున్నాడు. ఒక్కొక్కరినీ ఆయన చేతనే తీయించి, చివరికి ఆయన ఖాతాలోంచి కెమెరానూ తీయించాను. లేచేముందు, వదినకు మా ఇంటి దారి బంద్ అయిన సంగతీ చెప్పాను. "నలుగుట్ల గా ముచ్చట అనేదైతే లేకుండె" అన్నాడు గుమ్మం దాకా వచ్చి. బావ మీద కోపం అక్కడే పోయింది.

ఇంటికి వచ్చి పని పట్టాను. వైఫైకి రెండు పేర్లు పెట్టాను. ఒకటి వచ్చేపోయేవాళ్లకు, దానికి పాత పాస్‌వర్డే ఉంచాను, అత్తమ్మ మర్యాద చెడకూడదు కదా. రెండోది కెమెరాకు, నాకు మాత్రమే. కెమెరాకు వేరే పాస్‌వర్డ్ పెట్టాను. కొత్త ఫోన్‌తో ఎవరు తెరవబోయినా నా నంబరుకు ఓటీపీ వచ్చేలా చేశాను. పాస్‌వర్డ్ తనకన్నా చెప్పమంది అత్తమ్మ.

"నీకు చెప్పుడొకటే, ఊర్లె డప్పు కొట్టిచ్చుడొకటే" అన్నాను. రెండు పూటలు అలిగింది.

ఆ తర్వాత కెమెరాను వాకిలి స్తంభం నుంచి తీసి కళ్లం అంచున ఉన్న మోటారు గది గోడకు బిగించాను. వాకిలికి దాని వీపు, కళ్లానికి, గేటుకు దాని ముఖం. అంత దూరం వైఫై అందకపోతే డబ్బాను కిటికీలోకి మార్చాను. అత్తమ్మ అలక మాని కర్ర పట్టుకుని కళ్లమంతా తిరిగింది. "ఇప్పుడు కనవడుతున్ననా? ఇప్పుడు?" అని అడుగుతూ వాకిట్లోకి వచ్చింది. అక్కడ మాయమైంది. ఆడవాళ్లను పిలిచి ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చాను. పసుపు, పరదా, గేటు తప్ప ఇంకేమీ లేదని వాళ్లే తిప్పి తిప్పి చూసుకున్నారు. వారంలో నడుం నొప్పులన్నీ తగ్గి చాటలు మళ్లీ వాకిట్లోకి వచ్చాయి.

వదిన మాత్రం రాలేదు. బిడ్డ వస్తోందని నేను కబురు చేసిన రోజున, మొగుడు చేను దిక్కు పోయాక వచ్చింది. పిల్లకు మెట్టు ఎక్కడం కూడా కష్టంగా ఉంది. తల్లి రొట్టె తుంచి పెడుతుంటే, గేటు దగ్గర ఎవరో ఉన్నారని కెమెరా నా ఫోన్‌ను మోగించింది. తెరిచి చూశాను. గేటు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు, చేతిలో తువ్వాల మూట. లోపలికి రావడం లేదు, వెనక్కి పోవడం లేదు.

వదిన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పిల్ల వెనక దొడ్డి దారి వైపు చూసి లేవబోయింది. "అత్తా, నేను పోత" అంది.

"కూసో. ఇది నా ఇల్లు" అని చెప్పి నేనే గేటు దగ్గరికి నడిచాను. గొడవ పడటానికి సిద్ధపడే వెళ్లాను. అన్న నా ముఖం చూడలేదు. మోటారు గది గోడ వైపు చూస్తున్నాడు.

"గా కెమెరా నడుస్తున్నదా?"

"నడుస్తున్నదన్నా."

"మీ బావకు కనవడతదా?"

"కనవడదు. తీసేయించిన."

"దుకాణంలోళ్లకు?"

"ఎవ్వలకు కనవడదు. నాకొక్కదానికే."

ఒకసారి వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. "నువ్వెవలకన్న చెప్తవా?"

"చెప్పేదాన్నైతే నిజామాబాద్ దాక ఎందుకు పోత అన్నా?"

ఆయన కళ్లం అంచున చెప్పులు విడిచి, పసుపు తొక్కకుండా పక్కగా నడుచుకుంటూ వాకిట్లోకి పోయాడు. బిడ్డ ముందు కూర్చుని మూట విప్పాడు. పచ్చి మామిడికాయలు. ఉప్పు, కారం తేవడానికి లేచింది మా అత్తమ్మే.

సాయంత్రం అందరూ వెళ్లాక ఫోన్ తెరిచాను. గేటు దగ్గర మూట పట్టుకుని నిలబడ్డ మనిషి అందులో ఉన్నాడు. నాకొక్కదానికే అని చెప్పాను నిజమే, కానీ నాకు మాత్రం ఎందుకు? ఆ వీడియో ముక్క తీసేసి, పసుపు మీద పరదా కప్పడానికి కళ్లంలోకి పోయాను.