పద్దెనిమిది డిగ్రీల వాలు

1985 వానకాలం వెళ్ళిపోతుండగా మా కాలేజీ నన్ను కొనుగోలు కమిటీలో వేసింది. అప్పుడు నేను వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఆ చలికాలం తోకచుక్క వస్తోందని పేపర్లన్నీ రాస్తున్నాయి. కాలేజీకి టెలిస్కోపు కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. డోర్నకల్‌లో ఒక పాతది అమ్మకానికి ఉందని తెలిసి ముగ్గురం పొద్దున ప్యాసింజర్ బండిలో బయల్దేరాం: మా విభాగాధిపతి రాజేశం సార్, స్టోర్స్ గుమాస్తా యాదగిరి, నేను.

పాత వస్తువు కొనాలంటే 'పనిచేయు స్థితిలో ఉన్నది' అని విభాగాధిపతి సర్టిఫికెట్ రాయాలి. అది లేకపోతే బిల్లు కదలదు. రాజేశం సార్ మంచి మనిషే గానీ ఆడిట్ అన్న మాట వింటే ఆయనకు జ్వరం వచ్చినంత పనయ్యేది.

అమ్ముతున్నది సుగుణమ్మ గారు. ఆమె భర్త అక్కడి మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి కాలం చేశారు. ఎప్పుడో ఒక రైల్వే ఇంజనీరు ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న టెలిస్కోపు అది. వెళ్ళిపోతూ హెడ్మాస్టరు గారికి ఇచ్చి వెళ్ళాడట. వరండాలో దుప్పటి తీసి చూపించారు. ఇత్తడి గొట్టం, మూడు కాళ్ళ ఇనుప స్తంభం, రెంటి మధ్య మౌంటు, అంటే గొట్టాన్ని మోస్తూ ఆకాశంలో కావలసిన వైపు తిప్పే ఇనుప తల.

ఆమె ముందే ఉన్నమాట చెప్పేశారు. "స్టాండు వంగిందట బిడ్డా. పట్నం నుంచి ఒకాయన వచ్చి చూసిండు. గొట్టం ఒక్కటే తీస్కపోతడట, హోటల్ల షోకు పెడ్తరట. ఇనుము తుక్కుల ఏస్కోమన్నడు. ఇయాల మాపటికి వ్యాను తెస్తనన్నడు. మీరు ఒద్దంటే ఆయనకే ఇచ్చేస్త. నాకైతే పిల్లలు చూసే జాగకు పోవాల్నని ఉన్నది."

రాజేశం సార్ సంచిలోంచి ఒక విదేశీ కేటలాగు తీశారు. అందులోని బొమ్మలో మౌంటు ఇరుసు ఏటవాలుగా ఆకాశం వైపు బాగా లేచి ఉంది. మా ముందున్నది దాదాపు పడుకున్నట్టు ఉంది. ఆయన బొమ్మ చూశారు, స్టాండు చూశారు, కేటలాగు మూసేశారు. "వంగింది మేడమ్, కండ్ల ముంగటనే కనవడ్తాంది. రేపు ఆడిట్ల అడిగితే నేనేం చెప్పాలె?" అని యాదగిరిని తీసుకుని స్టేషన్ దగ్గరికి చాయ్ తాగడానికి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది. వచ్చిన పని చూడకుండా బొమ్మలు పోల్చుకుని పోవడమేమిటి?

నేను గొట్టంతో మొదలుపెట్టాను. తయారీదారు పేరు చెక్కి ఉంది గానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, పేరు ఎవరైనా చెక్కించవచ్చు. ముందున్న పెద్ద కటకం మీద టార్చి వేశాను. నాలుగు వెలుగు చుక్కలు వరుసగా కనిపించాయి. అంటే లోపల రెండు గాజులు, వాటి మధ్య సన్నటి ఖాళీ. రెండే చుక్కలు కనిపిస్తే ఒంటి గాజు, పిల్లల ఆటవస్తువు. అంచున కొంచెం బూజు ఉంది, అది చూపుకు అడ్డం కాదు. గొట్టానికి సొట్టలు లేవు.

తర్వాత మౌంటు. రంగు ఊడిన చోట చూస్తే గరుకుగా పోత ఇనుము. అక్కడే నాకు నవ్వొచ్చింది. పోత ఇనుము వంగదు, దెబ్బ తగిలితే విరుగుతుంది. పగులు గానీ అతుకు గానీ ఉందేమోనని తల చుట్టూ వేలితో తడిమాను. ఎక్కడా లేదు. ఆ వాలు అచ్చులోనే పోసింది. సంచిలోంచి కోణమానిని తీసి, దారానికి సీసపు గుండు కట్టి, ఇరుసు వాలు కొలిచాను. పద్దెనిమిది డిగ్రీలు.

ఎగిరి గంతేయాలనిపించింది. ఇలాంటి మౌంటులో ప్రధానమైన ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. అప్పుడే ఆ ఒక్క ఇరుసు తిప్పుతూ పోతే సూర్యుడైనా చుక్కైనా చూపులోంచి జారిపోదు. ఆ నక్షత్రం ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే అది ఆ ఊరి అక్షాంశం. వరంగల్‌కు పద్దెనిమిది, డోర్నకల్‌కు కాస్త తక్కువ. కేటలాగు ఇంగ్లండుది, అక్కడ యాభై పైమాట. ఆ ఇంజనీరు మన ప్రాంతానికి కొలత ఇచ్చి మరీ చేయించుకున్నాడు.

చెప్తే రాజేశం సార్ నమ్మరని తెలుసు. చూపించాలి. సుగుణమ్మ గారికి సంగతి చెప్పి, ఇదివరకు దీన్ని ఎక్కడ నిలబెట్టేవారని అడిగాను. వాకిట్లో ఒక బండ చూపించారు. దాని మీద మూడు గుంటలు తొలిచి ఉన్నాయి. "మా సార్ తొలిపిచ్చిండు. ఈడ పెడ్తెనే సక్కగ తిరుగుతదనెటోడు" అన్నారు. దిక్సూచి పెట్టి చూస్తే మూడింటిలో ఒక గుంట సరిగ్గా ఉత్తరానికి ఉంది.

వాళ్ళిద్దరూ తిరిగొచ్చాక యాదగిరి, నేను స్తంభాన్ని ఎత్తి కాళ్ళు గుంటల్లో దించాం. గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పాను. ఎవరూ కన్ను పెట్టొద్దని గట్టిగా చెప్పి, కటకం ముందు బెజ్జం పెట్టిన అట్ట కట్టి, వెనక తెల్ల కాగితం బిగించాను. కాగితం మీద సూర్యుడు రూపాయి బిళ్ళంత పడ్డాడు. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ప్రధాన ఇరుసును తిప్పే మర ముట్టకుండా వదిలేస్తే చూస్తుండగానే సూర్యుడు గీత దాటి పోతున్నాడు.

"ఇప్పుడు ఈ ఒక్క మర తిప్పండి సార్. రెండోది ముట్టొద్దు. స్టాండు వంగి ఉంటే సూర్యుడు పైకో కిందికో జారిపోవాలి" అన్నాను.

ఆయన తిప్పారు. సూర్యుడు గీతలోకి వచ్చి కూర్చున్నాడు. తిప్పుతూనే ఉన్నారు, వాడు గీతలోనే ఉన్నాడు. అరగంటైనా ఆయన మర వదల్లేదు. యాదగిరి బండి టైమవుతోందని గుర్తుచేస్తే "జర ఆగవయ్యా!" అని కసిరారు. సుగుణమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే నవ్వేశారు.

రాజేశం సార్ వాకిట్లోనే మోకాలి మీద కాగితం పెట్టుకుని సర్టిఫికెట్ రాశారు. 'లోపములు' అన్న చోట 'ఏమియు లేవు' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. నా ఉద్యోగంలో నాకు వచ్చిన ఏ మెచ్చుకోలూ ఆ రెండు గీతలకు సాటి రాదు.

మేము స్తంభాన్ని గోనెపట్టాల్లో చుడుతుండగా వ్యాను వచ్చింది. పట్నం వ్యాపారి దిగి చూసి, వంగిన స్టాండు కూడా కొన్నారా అని ఎగతాళిగా నవ్వాడు. మేం నోరు తెరవకముందే సుగుణమ్మ గారు అందుకున్నారు. "వంగలే నాయనా. మన ఊరి లెక్కకు పోసిన్రు. ఇంగ్లండుల పెడ్తె గప్పుడు వంకర కనవడ్తది."

ఆ చలికాలం మా విద్యార్థులు తోకచుక్కను ఆ టెలిస్కోపులోనే చూశారు. సుగుణమ్మ గారు కూడా వచ్చి వరుసలో నిలబడి చూశారు.

తర్వాతి ఏళ్ళలో పాత టెలిస్కోపులు చూసిపెట్టమని చాలామంది పిలిచారు. అమ్మేవాళ్ళు ముందు చెక్కిన పేరు చూపిస్తారు. నేను సీసపు గుండు వేలాడదీసి ఇరుసు వాలు కొలిచి, అది ఏ ఊరి కోసం చేసిందో తేల్చుకుంటాను. పేరు ఆ తర్వాతే చదువుతాను.