మూడు కాళ్ల కుక్క, మా పిన్ని పెళ్లి

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క అక్షరం కూడా కల్పించింది కాదని మా ఇలవేల్పు మీద, మా అమ్మ మీద, అవి చాలవంటే సిటిజన్‌షిప్ ఇచ్చిన రోజు చెయ్యెత్తి చేసిన ప్రమాణం మీద కూడా ఒట్టు పెట్టి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. వర్జీనియాలో ఏ తెలుగువాళ్ల విందులోనైనా నేను నోరు తెరిస్తే, చెప్పినదాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మాలని నా స్నేహితులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఈ ఒక్కసారికి ఆ సగం కూడా ఉంచండి.

అప్పుడు మేము ఇదే వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ల వరుసలో చివరిది మాది. నాకు తొమ్మిదేళ్లు. ఇండియా గురించి నేనేం చెప్పినా మా క్లాసు పిల్లలు నమ్మేవాళ్లు. మా తాతయ్య ఏనుగు మీద బ్యాంకుకు వెళ్తాడని, బ్యాంకువాళ్లు ఆ ఏనుగుకు విడిగా పార్కింగ్ కూడా ఇచ్చారని చెబితే టీచరు సైతం నోరు తెరుచుకుని విన్నది. ఇంట్లో మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. మా నాన్నగారు వంతెనల ఇంజినీరు. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టడం ఆయన పని. కారు కొనాలన్నా, సోఫా ఏ గోడకు వేయాలన్నా పసుపు కాగితాల ప్యాడ్ తీసి, మధ్యలో గీత గీసి, ఒక పక్క ప్లస్, ఒక పక్క మైనస్ రాసి, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేసేవారు. పిజ్జా మీద మిరపకాయలు వేయించాలా వద్దా అన్నదానికి కూడా ఒకసారి ఒక కాగితం పూర్తిగా నిండింది.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, అప్పట్లో మా ఇంట్లోనే ఉండి ఎమ్మెస్ చదువుతోంది. ఆమె దారి పూర్తిగా వేరు. బస్సు ఎక్కబోయి ఆగిపోయేది. వంకాయలు తరుగుతూ తరుగుతూ పక్కన పెట్టేసి పప్పు పడేసేది. ఎందుకు పిన్నీ అంటే "ఎందుకోరా" అని నవ్వేది. ఆ మాట ఆమె నోట ఎంత నిండుగా ఉండేదంటే, దానికి మించిన జవాబు మరొకటి ఉండదనుకునేవాణ్ని.

పిన్ని చదువు ముగింపుకు వస్తుండగా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి డాక్టరు, మాకు ఐదు గంటల దూరంలో ఉంటాడు. ఒక శనివారం తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. శుభ్రమైన చొక్కా, అంతకన్నా శుభ్రమైన మాట. పులిహోర రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. నాకు విమానం బొమ్మ తెచ్చాడు. తిన్న ప్లేటు తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. అది చూసి మా అమ్మకు కళ్లు చెమర్చాయి. ఆమె కాపురంలో అలాంటి దృశ్యం అదే మొదలు.

మర్నాడు టిఫిన్లయ్యాక నాన్నగారు ప్యాడ్ తీశారు. ప్లస్ పక్క చూస్తుండగానే నిండిపోయింది. చదువు, ఉద్యోగం, గ్రీన్ కార్డు, తాగడు, కాల్చడు, తెలిసిన కుటుంబం, ప్లేటు తీశాడు. మైనస్ పక్క ఖాళీ. "నీకేమైనా ఉంటే చెప్పమ్మా, రాస్తాను" అన్నారు. ఆ అడగడంలో బలవంతమేమీ లేదు. ఆయన మంచి మనిషి. పిన్ని చాలాసేపు ఉప్పు డబ్బాను గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది.

"ఎందుకో బావగారూ, మనసొప్పట్లేదు."

"అదే, ఎందుకో చెప్పు."

"ఎందుకో..."

"నేనడిగేదీ అదేనమ్మా. ఎందుకో చెప్తేనే కదా రాసేది! రీజన్ కావాలి."

మన భాషలో ఈ మాటతో వచ్చిన చిక్కే ఇది. నాన్నగారి నోట అది ప్రశ్న, పిన్ని నోట అదే జవాబు. ఇద్దరూ ఒకే మాటను బంతిలా అటూ ఇటూ విసురుకుంటుంటే మా అమ్మ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పిన్ని నవ్వలేదు. చివరికి నాన్నగారు న్యాయం తప్పకూడదని మైనస్ పక్క 'ఎందుకో' అని పొందికగా రాసి, దీనికి పదికి ఎన్ని వెయ్యమంటావని అడిగారు.

"మీ ఇష్టం బావగారూ. సున్నా మాత్రం వెయ్యకండి" అంది పిన్ని.

ఆయన ఏమీ వేయకుండా ఆ చోటు ఖాళీగా ఉంచారు.

ఆ మధ్యాహ్నం పిన్ని బేస్‌మెంట్‌లో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఒకే తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది. నేను డ్రయ్యర్ మీదెక్కి కూర్చున్నాను. "ఒక్క కారణం దొరికితే బాగుణ్నురా, చిన్నదైనా సరే" అంది. అది నాతో అన్నదో, తువ్వాలుతో అన్నదో తెలియదు. కానీ వీధి మొత్తం మీద కారణాలు తయారు చేయగలిగిన కార్ఖానా ఏదైనా ఉందంటే అది నేనే. ఏనుగుకు పార్కింగ్ ఇప్పించినవాణ్ని, ఒక పెళ్లికొడుకును ఆపలేనా?

సాయంత్రం టీల వేళ అందరి ముందూ చెప్పాను. నిన్న ఆ అంకుల్ వెళ్లేటప్పుడు పార్కింగ్ దగ్గర ఒక కుక్కను తన్నాడని, నేను కిటికీలోంచి చూశానని. నాన్నగారు తిట్టలేదు. గంభీరంగా ప్యాడ్ తీసి, 'ఎందుకో' కింద 'కుక్క' అని రాశారు. ఆ క్షణాన పిన్ని ముఖం చూశాను. నీళ్లలో మునిగినవాళ్లకు తల పైకి వచ్చినప్పుడు ఉండే ముఖం అది.

"ఏ కుక్కరా? పక్కింటి ముసలావిడదేనా, ఆ మూడు కాళ్లది?" అన్నారు నాన్నగారు.

"అదే నాన్నా! మూడు కాళ్లదే. తన్నగానే పడిపోయింది పాపం. ఉన్న మూడింట్లో ఒకటి కుంటుతోంది కూడా."

"ఆవిడకున్నది పిల్లిరా" అన్నారాయన, టీ ఊదుకుంటూ.

ఆ తర్వాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, నా జీవితంలో నేను మరిచిపోలేని పాఠం ఒకటి మెల్లగా చెప్పారు. "నిజంలోంచి నేనొక కాలు తీసేస్తే నిజం ఒప్పుకోదురా, గోల చేస్తుంది. అబద్ధం ఎన్ని కాళ్లతో నడవమంటే అన్నింటితో నడుస్తుంది." అంత మంచి మాటను అంత చెడ్డ సమయంలో చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎందుకంటే మా అమ్మ చూపు అప్పటికే పిన్ని మీద పడింది. "ఏమే, పసివాడి చేత చెప్పించావుటే?" "లేదక్కా" అంది పిన్ని. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడి, పిన్నికేమీ తెలియదు, అంతా నేనే కల్పించానని చెప్పాను. అప్పటివరకు నా నోట వచ్చినవాటిలో అదొక్కటే నికార్సైన నిజం. ఎవరూ నమ్మలేదు. "చూడు, ఎలా వెనకేసుకొస్తున్నాడో" అంది అమ్మ. పిన్ని ప్యాడ్‌ను తన ముందుకు లాక్కుని, పెన్ను తీసుకుని, 'కుక్క'ను కొట్టేసింది. ఒక్క క్షణం ఆగి 'ఎందుకో'ను కూడా కొట్టేసింది. "నాకే అభ్యంతరమూ లేదు బావగారూ" అంది. ఆ వేసవిలోనే పెళ్లయింది.

ఆయన నాకు బాబాయి అయ్యాడు. తాగలేదు, కాల్చలేదు, ఏనాడూ చెయ్యెత్తలేదు. ప్లస్ పక్క రాసిన ప్రతి మాటా అక్షరాలా నిజమైంది. ఆయన అడుగుతాడు, అంతే. షాపులో ఇరవై నిమిషాలు ఎక్కువ ఎందుకు పట్టింది, ఫోన్లో ఎందుకు నవ్వావు, ఆ చీరే ఎందుకు కట్టావు. గొంతు పెంచడు. జవాబు వచ్చేదాకా కదలడు. నాకు పద్నాలుగేళ్లప్పుడు సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. హాల్లో ఆయన పేపరు చదువుకుంటున్నాడు. పిన్ని ఫ్రిజ్ తెరవబోతూ, ఎవరూ అడగకుండానే, "పాలు తీస్తున్నానండీ, తోడు పెట్టాలి" అంది. లైటు వేస్తూ కారణం చెప్పింది. కుర్చీలోంచి లేస్తూ కారణం చెప్పింది. ఆ పది రోజుల్లో ఆమె నోట 'ఎందుకో' అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలోనూ వినలేదు.

మా నాన్నగారు చివరి రోజుల్లో ఆ కాగితాన్ని వెతికి తీయించుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని, తప్పు ఎక్కడ దొర్లిందోనని వరసగా చూసుకున్నారు. మార్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితాన్ని నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మరి నేను దీన్నుంచి ఏం నేర్చుకున్నానంటారా? ఆ కాగితానికి ఎదురు తిరిగి, మనసుకు ఎలా తోస్తే అలా బతుకుదామని తీర్మానించుకున్నాను. క్యారీ అనే ఊళ్లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక మంచి మనిషి నన్ను చేసుకుంటానంది. ఎందుకో వద్దనిపించింది. వద్దన్నాను. ఆమె ఇప్పుడు మరొకరితో చల్లగా ఉంది. నేను యాభయ్యో పడిలో ఒక్కడి కోసం పప్పు వండుకుంటున్నాను. ఆ 'ఎందుకో'కు లోపల ఏమీ లేదని, ఉత్త భయమేనని తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. పిన్నికి తోచినదీ నాకు తోచినదీ బయటికి ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏదో ముందుగా చెప్పగల మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందుకే ఎవరైనా సలహా అడిగితే ఏనుగు కథ చెప్పి పంపించేస్తాను.

ఇక ఒట్టు సంగతి. సగం తీసేయవద్దన్నాను కదా. సగం అక్కర్లేదు, ఒక్కటి తీసేయండి.

అందరూ నా వైపు తిరిగినప్పుడు నేను లేచి నిలబడి నిజం చెప్పానని రాశానే, అది కల్పితం. నేను లేవలేదు. మా అమ్మ, "పిన్నే చెప్పమందా, నాన్నా?" అని అడిగింది. నేను తల వంచుకుని, ఔనని ఊపాను. ఆలోచించి చేసిన పని కాదు. లాభనష్టాలు చూసుకోలేదు. ఎక్కడో కడుపులోంచి వచ్చింది, తల దానంతటదే ఊగింది. పిన్ని నన్ను ఒక్కసారి చూసి, ఆ తర్వాతే పెన్ను అందుకుంది.

ప్రతి ఏటా నా పుట్టినరోజుకు ఫోన్ చేస్తుంది. ఫోన్ ఎందుకు చేసిందో ముందే చెబుతుంది, బాగున్నావా అంటుంది, పెట్టేస్తుంది. అలా ఎందుకు చేశావురా అని మాత్రం ఇంతవరకూ అడగలేదు.