ఆదివారపు విమానాలు

ఆ వీధిలో అతన్ని పళ్లాయన అనేవారు. పళ్లు పీకే డాక్టరు వేరే ఉన్నాడు. ఆ డాక్టరు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్లు తయారుచేయడం ఇతని పని. ఆసుపత్రి వెనక, ఒక్క కిటికీ ఉన్న గదిలో బల్ల ముందు వంగి కూర్చుని, మైనంలో పన్ను పక్కన పన్ను గుచ్చుతూ సగం జీవితం గడిపేశాడు. ఎవరైనా ఎదురుపడి నవ్వితే ముందు పళ్లు చూసేవాడు, తరవాతే మొహం. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అందరి నోళ్లూ చూశాను, ధైర్యం చాల్లేదు" అనేవాడు.

అతనికి ఉన్నదల్లా అక్క. అమ్మ పోయేనాటికి అతనికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. అక్కే స్నానం చేయించింది, బడికి పంపింది, తప్పు చేస్తే వీపు వాయించింది. ఆమె పెళ్లయి వెళ్తుంటే అతనూ వెంట వెళ్లాడు. కొత్త పెళ్లికొడుకు ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో ఈ పిల్లాణ్ణి పట్టుకుని మెట్లెక్కాడు. "మీ అక్కని చేసుకుంటే తోక ఊరికే వచ్చింది" అని అందరికీ చెప్పేవాడు బావ. ఆ పేరే ఖాయమైపోయింది. ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, పక్క వీధిలో వేరే గది తీసుకుని, జుట్టు నెరిసిపోయాక కూడా బావకి అతను తోకే.

బావ ప్రింటింగ్ ప్రెస్సులో రంగులు కలిపేవాడు. అచ్చు వేయించుకునేవాళ్లు ఏదో గుడ్డముక్కో, ఎండుటాకో తెచ్చి, ఈ రంగే కావాలంటే, ఒక్కసారి వెలుతురులో తిప్పి చూసి కలిపేసేవాడు. మళ్లీ సరిచూడాల్సిన పని ఉండేది కాదు. పిల్లల్లేరు. వారమంతా ప్రెస్సు, ఆదివారం మధ్యాహ్నం బొమ్మ విమానాలు కట్టడం. భోజనాలయ్యాక బల్ల మీద పాత పేపర్లు పరిచి కిట్టు డబ్బా తెరిచేవాడు. ఎదురు కుర్చీ బావమరిదిది.

డబ్బాలో ప్లాస్టిక్ ముక్కలు చట్రాలకి అంటుకుని వస్తాయి. వాటిని కత్తిరించి, అంచులు అరగదీసి, ముందు పైలట్ కూర్చునే గది, తరవాత విమానం ఒంటి రెండు చెక్కలు, ఆ తరవాత రెక్కలు అతకాలి. చెక్కలు కలిసే చోట సన్నటి గీత మిగులుతుంది. దాన్ని లప్పంతో పూడ్చి, తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది మాయం చేయాలి. బావ కళ్లు మూసుకుని గోటితో ఆ చోటు తడిమేవాడు. గోరు ఆగిందంటే మళ్లీ మొదటికి. ముక్కులో చిన్న సీసపు గుండు పెట్టకపోతే కొన్ని విమానాలు వెనక్కి కూలబడతాయి. అలాంటి కిట్టు వచ్చినప్పుడల్లా బావకి పండగే. "చూశావా, తోకకి బరువెక్కితే ముక్కు పైకి లేస్తుంది. అందుకే నిన్ను అదుపులో పెట్టేది" అనేవాడు. ఆ మాట అతను లెక్కలేనన్నిసార్లు విన్నాడు, ప్రతిసారీ నవ్వాడు.

కొత్తగా తళతళ మెరిసే విమానం బావకి నచ్చేది కాదు. పనిచేసిన వస్తువు పనిచేసినట్టు కనపడాలని, పెన్సిలు పొడి వేలితో రాసి పొగగొట్టాల పక్కన మసి మరక పెట్టేవాడు, రెక్క మీద మెకానిక్కులు నడిచే చోట రంగు కాస్త గీకేవాడు. అన్నిటికన్నా ముందు నేర్పిన పాఠం మాత్రం వేరు. రంగు పలచన చేసే థిన్నర్ ఎప్పుడూ తాగే గ్లాసులో పోయకూడదు. దానికోసం మూత బిగించే ఇంకు సీసా ఒకటి విడిగా ఉండేది, దాని మీద ఎర్ర రంగు పూసి ఉండేది.

అక్కకి ఆ వాసనంటే తలనొప్పి. కిటికీలన్నీ తెరిచి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇంత పెద్దవాళ్లు, బొమ్మలేమిటి మీకు" అని సణిగేది. అలా సణుగుతూనే అలమరల్లో తన గాజు సామానంతా తీసేసి విమానాలకి చోటిచ్చింది.

బావకి మొదటి తప్పు రంగులోనే జరిగింది. ప్రెస్సు మానేసిన మరుసటి ఏడాది ఒక విమానానికి కుడి రెక్క ముదురాకుపచ్చ వేశాడు, ఎడమ రెక్క గోధుమరంగు. పళ్లాయన ఊరుకున్నాడు, ఏదో ఉద్దేశం ఉంటుందిలే అనుకున్నాడు. చివరికి అడిగితే బావ చాలాసేపు రెండు రెక్కల వంకా చూసి, లైటు బాగాలేదన్నాడు. ఇంకో ఆదివారం చక్రాలు రెక్కల పైన అతికాడు. ఆ తరవాత చిన్న ముక్కలు మాయమవడం మొదలైంది. అవి బావ జేబుల్లో, సబ్బుపెట్టెలో, చెప్పుల్లో దొరికేవి. ఒకరోజు బావ అతని చెయ్యి పట్టుకుని, దొంగతనం చేసేవాళ్లకి ఈ ఇంట్లో చోటు లేదన్నాడు. పక్క గదిలోంచి అక్క విన్నది. ముగ్గురికీ టీ పెట్టి తెచ్చింది.

నరాల డాక్టరు ఇది మతిమరుపు జబ్బనీ, వెనక్కి తిరిగేది కాదనీ చెప్పాడు. అక్క అందరిలా ఏడవలేదు. ఇంటికొచ్చి కత్తులు, కత్తెరలు, రంగులు, జిగుర్లు, థిన్నర్ అన్నీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెళ్లో వేసుకుంది.

అప్పటినుంచి బావ ఖాళీ బల్ల ముందు కూర్చునేవాడు. చేతులు ఊరుకునేవి కావు. దుప్పటి అంచు దారాలు లాగేవాడు, గోడ సున్నం గోకేవాడు. వేళ్ల కొసలు చిట్లి రక్తం వచ్చేది. రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు, అక్కని పడుకోనిచ్చేవాడు కాదు. ఎవరు నువ్వు, నా ఇంట్లో ఎందుకున్నావు అని అడిగేవాడు. ఆమె మనిషి సగమైపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె మందులకీ సరుకులకీ బయటికి వెళ్లేది. ఆ కాసేపు బావని కనిపెట్టుకుని ఉండటం పళ్లాయన పని. ఒకసారి బావ గోడ గోకుతూ గోకుతూ ఏడవడం చూశాడు. చిన్నపిల్లల ఏడుపు, ఎందుకో చెప్పలేని ఏడుపు. మరుసటి వారం సంచిలో సులువైన కిట్టు ఒకటి పెట్టుకొచ్చాడు. కత్తి అవసరం లేకుండా ముక్కలన్నీ ముందే కత్తిరించి తెచ్చి, ఒంటి రెండు చెక్కలూ జిగురుతో అతికాడు. బావ చేతిలో ఉప్పుకాగితం పెట్టాడంతే. వేళ్లకి ఏ జబ్బూ లేనట్టు అవి పని మొదలుపెట్టాయి. బావ కళ్లు మూసుకున్నాడు. గోటితో అతుకు తడిమాడు.

"తోకా, ఇక్కడ ఇంకా ఉందిరా గీత" అన్నాడు.

నెలల తరవాత ఆ పిలుపు. పళ్లాయన ఉప్పుకాగితం మళ్లీ తడిపి ఇచ్చాడు.

అలా మొదలైంది. అక్క వచ్చేలోపు అన్నీ సంచిలో సర్దేసి, కిటికీలు బార్లా తెరిచి, బల్ల తుడిచేసేవాడు. చెప్పేస్తే ఆమె వద్దంటుంది, ఆ వద్దులో న్యాయం కూడా ఉంది. అందుకని చెప్పలేదు. ఆదివారాలు బావ గొడవ చేయకుండా భోజనం చేస్తున్నాడనీ, తెల్లారేదాకా పడుకుంటున్నాడనీ అక్క ఒకసారి అంది. అతను తల వంచుకుని ఊఁ కొట్టాడు.

రంగు వేసే వారం వచ్చింది. బ్రష్షు బావకి ఇచ్చాడు. కడగడానికి థిన్నర్ కావాలి. ఎర్ర రంగు సీసా బీరువాలో ఉంది, తన గదిలోంచి వేరే గిన్నె తేవడం మర్చిపోయాడు. ఒక్క నిమిషమే కదా అని వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి అందులో పోశాడు. అంతలో కింద వాటా ఆమె తలుపు కొట్టింది. మీ బాత్రూములోంచి నీళ్లు కారుతున్నాయి, మా సీలింగంతా తడిసిపోతోంది అంది. కొళాయి కట్టేయడానికి లోపలికి వెళ్లాడు. మర తుప్పు పట్టి తిరగలేదు. రెండు చేతులతో బలంగా తిప్పుతుండగా హాల్లోంచి దగ్గు వినపడింది.

గ్లాసు బావ చేతిలోనే ఉంది. చొక్కా తడిసింది. బావ దగ్గుతూ, "నీళ్లు బాలేవు" అన్నాడు.

ఆసుపత్రిలో అతను దాచలేదు. ఏం తాగాడు, ఎంత పోశాను, దేంట్లో పోశాను, అంతా డాక్టరుకి చెప్పాడు. చెప్తుండగా వెనక అక్క వచ్చి నిలబడింది. సరుకుల సంచి ఇంకా భుజానే ఉంది.

"గ్లాసులో పోశావా?" అంది.

"పోశానక్కా."

ఆమె సంచి నేల మీద దించి, మంచం పక్కకి వెళ్లి బావ చొక్కా మార్చింది.

కడుపులోకి వెళ్లింది కొంచెమే. దగ్గుతుంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందే చంపింది. జ్వరం, ఆయాసం, ముక్కుకి గొట్టం. బావ గొట్టాన్ని పీకబోతే చేతులు మంచానికి కట్టారు. కట్టేసినా వేళ్లు ఆడుతూనే ఉండేవి. రెండు వారాలకి అవి కూడా ఆగిపోయాయి.

తరవాత అక్క అతనితో మాట్లాడటం మానేసింది. రావద్దని అనలేదు. ఆదివారం అతను వెళ్లి తలుపు కొడితే తీసేది, పక్కకి తప్పుకునేది, వంటింట్లోకి వెళ్లిపోయేది. కాసేపటికి బల్ల మీద టీ పెట్టి పోయేది. అతను తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చేవాడు. క్షమించమని అడగడానికి చాలాసార్లు నోరు తెరిచాడు. అడగడం అంటే ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే అనిపించి మూసేవాడు. అలమరల్లో విమానాలు ఆమే తుడిచేది. మోటు గుడ్డకి తగిలి సన్నటి కమ్మీలు, చక్రాలు విరిగిపోతుండేవి. ఒకసారి అతను సరిచేద్దామని చెయ్యి చాపితే ఆమె గుడ్డ పట్టుకుని మధ్యలో నిలబడింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన గదిలో కూడా మళ్లీ కిట్టు ముట్టుకోలేదు. బావ చివరిసారి సగం రంగు వేసిన విమానాన్ని ఆసుపత్రి చెత్తబుట్టలో పడేశాడు.

రెండేళ్లు అలా గడిచాయి. ఒకరోజు పళ్ల డాక్టరు అతని బల్ల మీదికి పై దవడ అచ్చు ఒకటి పంపాడు. చీటీ మీద అక్క పేరు. పై పళ్లన్నీ కదిలిపోయి తీయించుకుందట. అతనికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చిన్నప్పుడు తనకి జామకాయలు కొరికి పెట్టిన పళ్లు అవి. అచ్చుని వెలుతురులో తిప్పి చూశాడు. తరవాత అందరికీ చేసినట్టే చేశాడు. ముందు పళ్లలో ఒకటి రవ్వంత వంకర పెట్టాడు, ఆమెది అలాగే ఉండేది.

మైనం మీద పళ్లు అమర్చాక ఒకసారి నోట్లో పెట్టి చూడాలి. డాక్టరు వేరే గదిలో ఎవరికో పన్ను తీస్తూ, నువ్వే చూసేయమన్నాడు. కుర్చీలో అక్క ఉంది. మెడకి గుడ్డ కట్టాడు. నోరు తెరవమంటే తెరిచింది. పళ్లు పెట్టి, పెదవి కింద వేలితో సరిచేశాడు. ఇక ఆమె మాట్లాడితే గాని తెలియదు, అక్షరాలు సరిగ్గా పలుకుతున్నాయో, గాలి పోతోందో.

"ఏదో ఒకటి మాట్లాడక్కా" అన్నాడు.

ఆమె కిటికీ వైపు చూసింది. 

"వాసన రాదనుకున్నావా నాకు?" అంది. "కిటికీలు తెరిచేస్తే పోతుందా ఆ వాసన? ఆయనతో అన్నేళ్లు కాపురం చేసినదాన్ని."

అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"మొదటి వారమే తెలుసు. అడుగుదామనుకున్నా. ఆ రాత్రి ఆయన పడుకున్నాడు. నేనూ పడుకున్నా. ఎన్నాళ్లయిందో నేనలా పడుకుని. ఇంక అడగలేదు. బజారులో పనైపోయినా ఊరికే కూర్చునేదాన్ని, నీకు టైము ఇద్దామని."

"అక్కా..."

"నిన్ను క్షమించానని చెప్పడం లేదు. నన్నూ క్షమించుకోలేదు. నువ్వొక్కడివే మోస్తున్నట్టు మొహం పెట్టుకుని వస్తావే, అది చూడలేకపోతున్నాను. అంతే."

మాటల్లో 'స' దగ్గర గాలి పోతోంది. ముందు పన్ను కొంచెం లోపలికి జరపాలి. ఆ సంగతి అతని చెవి విన్నది, వద్దన్నా విన్నది. పళ్లు బయటికి తీసి, ఆమె పెదవులు తుడవబోయాడు. ఆమె గుడ్డ తీసుకుని తనే తుడుచుకుంది.

అంతటితో అంతా బాగుపడిపోలేదు. కొన్ని ఆదివారాలు మాట్లాడేది, కొన్ని ఆదివారాలు తలుపు తీసి లోపలికి వెళ్లిపోయేది. మాట్లాడినా బీపీ గురించో, మెట్ల మీద లైటు గురించో. బావ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు. పళ్లు పెట్టుకున్న కొత్తలో ఎడమవైపు గుచ్చుకుంటోందని చెప్పింది. సెట్టు రుమాల్లో చుట్టుకుని తీసుకెళ్లి, అరగదీసి, గోటితో తడిమి చూసి, సాయంత్రానికి తెచ్చిచ్చాడు. ఆమె పెట్టుకుని, దవడ అటూ ఇటూ కదిపి, సరిపోయిందంది. తిన్నావా అని అడిగింది. లేదన్నాడు. వంటింట్లోకి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చింది. ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని తిన్నారు.